జాజ్ బేసుకు మూడు నాబులు: ప్రాజెక్టు డైరీ

ఆదివారం

పాత నాలుగు తీగల బేస్ గిటారును మళ్ళీ వేదిక ఎక్కించే పనిలో చెక్క మరమ్మతు, రంగు, ఫ్రెట్ల సాపు పూర్తయ్యాయి. ఇక మిగిలింది కంట్రోల్ ప్లేటు. ఇది ఫెండర్ సంస్థ వారి జాజ్ బేస్ నమూనాలో చేసిన వాయిద్యం కాబట్టి, క్రోము పూత పూసిన ఒకే లోహపు పలక మీద రెండు వాల్యూమ్ కంట్రోళ్ళు, ఒక టోన్ కంట్రోలు, ఆ చివర జాక్ వరుసగా ఉంటాయి. నా చేతికి వచ్చేనాటికి ఆ మూడింటిలో రెండింటి మీదే నాబులు ఉన్నాయి, అవీ వేరువేరు జాతులవి. ఒకటి పగిలిన నల్ల ప్లాస్టిక్కుది, రెండోది ఏదో టేప్ రికార్డరు నుంచి పీకి తెచ్చి గుచ్చినది. టోన్ కంట్రోలుకైతే నాబే లేదు. నాబు కూర్చోవలసిన బోడి షాఫ్టును (ఇరుసును) రెండు వేళ్ళతో నులిమి తిప్పవలసి వచ్చేది.

చాలామంది నాబును అలంకారంగా చూస్తారు. బంగారు రంగుదా, నల్లదా, పైన ముత్యపు చిప్ప ముక్క పొదిగినదా అన్న చర్చతోనే ఎంపిక మొదలై అక్కడే ముగుస్తుంది. నేను ఈ పనిని తిరగేసి చేయదలచుకున్నాను. ముందు షాఫ్టు కొలత, తరువాత పలక మీది చోటు, ఆ తరువాత వాయించే చెయ్యి, చిట్టచివర కంటికి ఇంపు. మా ఆర్కెస్ట్రా తిరుపతిలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ పెళ్ళి మండపాల్లో, చవితి పందిళ్ళలో వాయిస్తుంది. అక్కడ లైట్లు గాయకుడి మీద ఉంటాయే కాని బేసు వాయించేవాడి మీద ఉండవు. వేసవిలో అరచెయ్యి చెమటతో జారుతూ ఉంటుంది. కాబట్టి నాకు కావలసినది చూడకుండా, తడి వేళ్ళతో, పాట మధ్యలో సరైన చోటికి తిప్పగలిగే నాబు.

ఈ వరుస ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాసిపెట్టుకోవడం మంచిది. ఫెండర్ సంస్థ 1951లో విడుదల చేసిన ప్రెసిషన్ బేసుకు ఒకే వాల్యూమ్, ఒకే టోన్. వాటి మీద అంచు చుట్టూ గరుకు గీతలు చెక్కిన లోహపు నాబులు. 1960లో వచ్చిన జాజ్ బేసుకు రెండు పికప్‌లు (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) ఉండటం వల్ల మొదట ఒకదానిపై ఒకటి పేర్చిన జంట నాబులు పెట్టారు. క్రింది వలయం ఒక పనికి, పై టోపీ మరో పనికి. కొద్దికాలంలోనే దాన్ని వదిలి, ఇప్పుడు అందరూ ఎరిగిన మూడు నల్ల ప్లాస్టిక్కు నాబుల పద్ధతికి మారారు. అందులో వాల్యూములవి రెండూ పెద్దవి, టోనుది చిన్నది. ఆ పరిమాణ భేదం నాకు బాగా నచ్చిన విషయం. చీకట్లో చెయ్యి పెడితే చిన్నది తగిలిందంటే అది టోను, అంతే. మ్యూజిక్ మ్యాన్ కంపెనీ వారి స్టింగ్‌రే బేసు 1976లో బ్యాటరీతో నడిచే సర్క్యూట్‌ను లోపల పెట్టుకుని వచ్చిన తరువాత బేసుల మీద కంట్రోళ్ళ సంఖ్య పెరుగుతూ పోయింది. ఒకే పరిమాణపు నాబులు నాలుగైదు వరుసగా ఉన్న వాయిద్యం చూడటానికి గొప్పగా ఉంటుంది కాని, వేదిక మీద ఏది ఏదో వేలికి తెలియదు.

మంగళవారం

ఈ రోజు వెర్నియర్ పట్టుకుని పాట్‌లను కొలిచాను. పాట్ అంటే పొటెన్షియోమీటరే; మన రిపేరు షాపుల్లో ‘వాల్యూమ్ కంట్రోలు’ అంటే ఇస్తారు. నాబు కొనే ప్రతివాడూ తెలుసుకోవలసిన మొదటి సంగతి ఏమిటంటే, బయటికి ఒకేలా కనిపించే షాఫ్టులు కనీసం నాలుగు రకాలు. మధ్యలో చీలిక ఉండి చుట్టూ సన్నని పళ్ళు ఉన్నవి రెండు రకాలు. ఆసియాలో తయారయ్యే వాటికి సాధారణంగా 18 పళ్ళు, అమెరికన్ కంపెనీ సీటీఎస్ తరహా వాటికి 24 పళ్ళు. పళ్ళు లేని గుండు షాఫ్టులోనూ రెండు కొలతలు. ఒకటి 6 మి.మీ., మరొకటి పావు అంగుళం, అంటే 6.35 మి.మీ. ఇవి గాక ఒక పక్క చదునుగా చెక్కిన షాఫ్టులు కూడా పాత రేడియోల్లో, యాంప్లిఫయర్లలో కనిపిస్తాయి.

18 పళ్ళ షాఫ్టుకు 24 పళ్ళ నాబును బలవంతంగా నొక్కితే ఎక్కినట్టే ఎక్కుతుంది, కాని లోపలి ప్లాస్టిక్కు పళ్ళు కొరుక్కుపోయి కొన్నాళ్ళకు నాబు ఒట్టిగా తిరుగుతుంది. నా బేసు మీది నల్ల నాబు పగలడానికి కారణం కూడా బహుశా అదే. దాని లోపల పళ్ళ గుర్తులు ఒకదానిపై ఒకటి పడి గజిబిజిగా ఉన్నాయి, చీలిక షాఫ్టు రెక్కలు లోపలికి వంగి ఉన్నాయి. పక్కన మర బిగించే నాబును, అంటే గ్రబ్ స్క్రూ ఉన్నదాన్ని, చీలిక షాఫ్టుకు పెడితే మరో చిక్కు. స్క్రూ బిగిసేకొద్దీ రెక్కలు దగ్గరికి ముడుచుకుంటాయి, నాబు ఒక పక్కకు ఒరుగుతుంది. తప్పనిసరైతే చీలికలో సన్నటి ఇత్తడి రేకు ముక్కను దూర్చి, రెక్కలు కదలకుండా చేసి, అప్పుడు బిగించవచ్చు.

ఉన్న మూడు పాట్‌లలో ఒకటి గరగరలాడుతోంది కనుక మూడింటినీ మార్చడమే మేలని నిర్ణయించుకున్నాను. సింగిల్ కాయిల్, అంటే ఒకే తీగచుట్ట ఉన్న, పికప్‌లకు 250 కిలో ఓముల పాట్ వాడటం జాజ్ బేసుకు మొదటి నుంచీ ఉన్న అలవాటు. రెండు చుట్టలు ఉన్న హంబకర్లకైతే 500 కిలో ఓములు, ఈఎంజీ కంపెనీ వాటి వంటి యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) పికప్‌లకైతే 25 కిలో ఓములు. టోను మీద 0.047 మైక్రోఫారడ్ కెపాసిటరు ఉంది, దాన్ని కదపడం లేదు. పాట్ మీది అక్షరాన్ని చూడటం మరవకూడదు. ఈ కాలపు వాటి మీద ఏ అంటే లాగ్, బీ అంటే లీనియర్. లీనియర్‌లో నిరోధం తిరుగుడుతో సమానంగా మారుతుంది, లాగ్‌లో మొదట మెల్లగా, తరువాత వేగంగా మారుతుంది. పాత యూరోపియన్ పాట్‌ల మీద ఇది తారుమారుగా ఉండేది కాబట్టి, పాత రేడియో నుంచి తీసినదైతే అక్షరాన్ని నమ్మకుండా మల్టీమీటరుతో చూడాలి. సగం తిప్పినప్పుడు 125 కిలో ఓముల దగ్గర చూపితే లీనియర్. 25 నుంచి 40 మధ్య చూపితే లాగ్. నాబు మీద ఒకటి నుంచి పది వరకు అంకెలు ఉన్నవి కొనాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. లాగ్ పాట్ మీద ఐదు అంకె సగం శబ్దాన్ని చెప్పదు, సగం తిరుగుడునే చెబుతుంది. నాకు అంకెలు అక్కరలేదు, ఒక గీత చాలు.

పలకకు ఉన్న రంధ్రాలు 8 మి.మీ.వి. సీటీఎస్ తరహా పాట్‌ల మెడ మందం 3/8 అంగుళం, అంటే సుమారు 9.5 మి.మీ. వాటిని పెట్టాలంటే రంధ్రాలను రాపిడి చేసి పెద్దవి చేయాలి. అంచున క్రోము పూత పెచ్చులూడే ప్రమాదం ఉంది. అందువల్ల 8 మి.మీ. రంధ్రంలో సరిగ్గా కూర్చునే, 6 మి.మీ. గుండు లోహపు షాఫ్టు ఉన్న లాగ్ పాట్‌లను తెప్పించాను. ఈ ఒక్క నిర్ణయంతో నాబుల జాబితా సగానికి సగం తగ్గిపోయింది. ఎందుకంటే బజారులో దొరికే చక్కటి గ్రబ్ స్క్రూ నాబులలో ఎక్కువ భాగం 6.35 మి.మీ. బొక్కతో వస్తాయి. 0.35 మి.మీ. తేడా చెప్పుకోవడానికి చిన్నదే. కాని స్క్రూ ఒక పక్క నుంచి నెట్టినప్పుడు నాబు కేంద్రం అందులో సగం, అంటే 0.175 మి.మీ. పక్కకు జరుగుతుంది, తిప్పుతున్నప్పుడు అంచు 0.35 మి.మీ. మేర అటూ ఇటూ ఊగుతుంది. ఎండలో మెరిసే క్రోము నాబు అంచున ఆ ఊపు స్పష్టంగా కనిపిస్తుంది. షాఫ్టుకు రాగి రేకు చుట్టి సర్దుకోవచ్చు. చాలామంది అలాగే చేస్తారు, అందులో తప్పేమీ లేదు. నాకు మాత్రం తొలిచేటప్పుడే 6 మి.మీ. తొలిపించడం మేలనిపించింది.

శుక్రవారం

నాబు వ్యాసం ఎంత ఉండాలి అన్నది చేతితోనే తేల్చాలి. పాట్ ఒక చివర నుంచి మరో చివరకు సుమారు 300 డిగ్రీలు తిరుగుతుంది. ఆ తిరుగుడులో వేలి కొన ప్రయాణించే దూరం నాబు వ్యాసాన్ని బట్టి మారుతుంది. 16 మి.మీ. నాబు మీద అది సుమారు 42 మి.మీ., 20 మి.మీ. మీద 52, 25 మి.మీ. మీద 65. వ్యాసం పెరిగేకొద్దీ అదే మార్పుకు వేలు ఎక్కువ దూరం జరగాలి కనుక సన్నని సర్దుబాటు సులువవుతుంది. చిన్నదైతే ఒక్క మెలికతో ఈ కొస నుంచి ఆ కొసకు పోవచ్చు. వాల్యూముకు మొదటిది కావాలి, టోనుకు రెండోది.

లెక్క తెలిసినా వేళ్ళు ఒప్పుకోవాలి కదా. అందుకని నమూనా నాబులు తయారు చేశాను. మన పొలాల్లో టమోటాకు వాడే డ్రిప్పు పైపు బయటి వ్యాసం 16 మి.మీ., ఇంట్లో కరెంటు వైర్లు పోయే పైపులు 20, 25 మి.మీ. కొలతల్లో దొరుకుతాయి. వీటి నుంచి చిన్న ముక్కలు కోసి, లోపల ఎం-సీల్ నింపి, అది గట్టిపడకముందే నూనె రాసిన షాఫ్టు మీద గుచ్చి, ఆరిన తరువాత మెల్లగా పీకాను. అందం మాట అటుంచితే, కొలతలు నికార్సైనవి. వీటిని మార్చి మార్చి పెట్టుకుని, బొటనవేలు పికప్ మీద ఆన్చి, చూపుడు వేలు, మధ్య వేళ్ళతో వాయిస్తూ, పాట ఆపకుండా ఉంగరపు వేలు, చిటికెన వేళ్ళతో నాబు తిప్పి చూశాను.

25 మి.మీ.ది పట్టుకు బాగుంది, కాని రెండు వాల్యూముల అంచుల మధ్య వేలు దూరడం లేదు. ఒకదాన్ని తిప్పబోతే రెండోది కూడా తిరుగుతోంది. 16 మి.మీ.ది వాల్యూముకు మరీ తొందరగా ఉంది. 20 మి.మీ. దగ్గర చెయ్యి కుదిరింది. ఎత్తు విషయంలో 18 మి.మీ. దాటితే బేసును సంచిలో పెట్టేటప్పుడు నాబులు గుడ్డకు తగిలి షాఫ్టుల మీద ఒత్తిడి పడుతోంది. 12 మి.మీ. కంటే తక్కువైతే చెమట చేతికి పట్టు చాలడం లేదు. చివరికి వాల్యూములకు 20 మి.మీ. వ్యాసం, 16 మి.మీ. ఎత్తు, టోనుకు 16 మి.మీ. వ్యాసం, 14 మి.మీ. ఎత్తు అని గోడ మీది క్యాలెండరులో రాసుకున్నాను.

అదే సాయంత్రం గుర్తుగీత సంగతి కూడా ఆలోచించాను. జాజ్ బేసులో ప్రతి పికప్ నుంచి వచ్చే తీగను దాని వాల్యూమ్ పాట్ మధ్య కాలికి కలుపుతారు, పక్క కాళ్ళలో ఒకటి అవుట్‌పుట్‌కు, మరొకటి ఎర్తుకు పోతాయి. అందువల్ల ఒక వాల్యూమును పూర్తిగా మూసినా రెండో పికప్ మోగుతూనే ఉంటుంది. రెండు పికప్‌ల చుట్లూ అయస్కాంతాలూ ఒకదానికొకటి ఎదురుగా ఉండటంతో రెండూ పూర్తిగా తెరిచినప్పుడు హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే రొద, రద్దవుతుంది. ఒకదాన్ని కాస్త తగ్గించగానే ఆ సమతూకం చెడి హమ్ మెల్లగా తలెత్తుతుంది. మండపంలో సీరియల్ లైట్లూ డిమ్మర్లూ ఉన్న చోట ఈ తేడా మరీ వినిపిస్తుంది. మరోవైపు రెండూ నిండుగా తెరిస్తే మధ్య స్థాయి స్వరాలు కొంత వెనక్కి తగ్గుతాయి. మెడ వైపు పికప్‌ను రవ్వంత తగ్గిస్తే బ్రిడ్జి (మెడకు అవతలి కొసన తీగలు ఆనే చోటు) వైపు పికప్‌కు ఉన్న గుర్రుమనే స్వభావం ముందుకు వస్తుంది. అంటే ఈ వాయిద్యంలో చివరి పది, పదిహేను డిగ్రీల తిరుగుడే ముఖ్యం. నాబు పూర్తిగా తెరిచి ఉందా, కాస్త తగ్గి ఉందా అన్నది చూపుతో పని లేకుండా వేలికి తెలియాలి. కనుక గుర్తు పైన గీసిన గీతగా ఉంటే చాలదు, అంచున వేలి గోరు ఆగే గాడిగా కూడా ఉండాలి.

ఆదివారం

ఇక దేనితో చేయించాలి అన్న ప్రశ్న. గాంధీ రోడ్డు దగ్గరి ఒక పాత రేడియో రిపేరు షాపులో డబ్బా నిండా నాబులు ఉన్నాయని తెలిసి వెళ్ళాను. వాల్వు రేడియోల కాలపు బేకలైటు నాబులు, లోపల ఇత్తడి గొట్టం, పక్కన గ్రబ్ స్క్రూ, చేతిలో పెట్టుకుంటే చల్లగా, దిటవుగా ఉన్నాయి. షాపాయన వాటిని బల్ల మీద కుమ్మరించి, “ఏరుకో నాయనా, ఇప్పుడు వీటిని అడిగే నాథుడు ల్యాడు” అన్నారు. అందులో రెండు ముదురు గోధుమ రంగువి నాకు చాలా నచ్చాయి. కొలిస్తే 30 మి.మీ. పైన వ్యాసం. నా పలక మీద అవి ఇమడవు. ఒకే వాల్యూము ఉన్న ప్రెసిషన్ బేసుకైతే నిస్సందేహంగా పెట్టుకుంటాను. ఆ రెండింటినీ కొని పెట్టెలో దాచాను, దాచడానికి కారణం అడిగితే చెప్పలేను.

లోహాల్లో ఇత్తడి, అల్యూమినియం రెండే నా ముందున్నాయి. ఇత్తడి నాబు పెడితే స్వరం ఎక్కువసేపు నిలుస్తుందని కొందరు వాద్యకారులు గట్టిగా నమ్ముతారు. తీగ కంపనాన్ని పికప్ పట్టేది తీగ దగ్గరే కాబట్టి, స్క్రూలతో బిగించిన పలక మీద, పాట్ షాఫ్టు చివర కూర్చున్న లోహపు టోపీకి ఆ స్వరంతో సంబంధం ఉండటానికి కారణమేదీ నాకు కనిపించదు. బరువు మాత్రం నిజం. నేను అనుకున్న వాల్యూము నాబును బొక్క పోను గట్టి ఇత్తడితో చేస్తే సుమారు 40 గ్రాములు, అల్యూమినియంతో చేస్తే 13 గ్రాముల లోపు. ఇత్తడికి చెమట తగిలితే నల్లబడుతుంది, చేతికి వాసన పడుతుంది. పూజ గదిలో చింతపండుతో తోమినట్టు ప్రతి కార్యక్రమం తరువాత నాబులు తోముకునే ఓపిక నాకు లేదు. క్రోము పూత పూయించవచ్చు కాని, ఆ పూత చెమటకు ఎప్పుడో ఒకప్పుడు పొంగి లేస్తుంది. అందుకని వాల్యూములకు అల్యూమినియం ఖాయం చేసుకున్నాను.

టోనుకు చెక్క పెట్టాలన్నది మొదటి నుంచీ ఉన్న కోరిక. మా కీబోర్డు వాయించే మిత్రుడు “తిరుపతిలో ఉండి ఎర్రచందనం కాకుండా ఇంకేం పెడతావన్నా” అన్నాడు. మాట బాగానే ఉంది. శేషాచలం కొండల్లో సహజంగా పెరిగే ఈ చెట్టు కర్రకు వాద్యాలతో సంబంధం కొత్తది కాదు, జపానులో షమిసేన్ అనే మూడు తీగల వాయిద్యపు మెడకు దీన్ని ఎంతో మక్కువగా వాడతారు. నీట మునిగేంత బరువు, సన్నని పోగు, తరిణె పట్టినప్పుడు వచ్చే నునుపు, అన్నీ నాబుకు తగినవే. అయితే ఇది అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో 1995 నుంచి ఉన్న జాతి. అటవీ శాఖ కాగితాలు లేని తునకను, అది బొటనవేలంతదైనా సరే, ఇంట్లో పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాల కొయ్య శిల్పాలకు పేరున్న ఊరు కాబట్టి అక్కడ అనుమతితో కొన్న కర్రతో చేసే వస్తువులు దొరకవచ్చు, కాని ఒక్క నాబు కోసం అంత దూరం ఆలోచించలేదు. లక్క పూసి తరిణె మీద నునుపు చేసే ఏటికొప్పాక అంకుడు కర్ర బొమ్మల పద్ధతి కూడా మనసులో మెదిలింది. ఆ ఎరుపు, పసుపు వలయాల నాబు ఉంటే వేదిక మీద ముద్దుగానే ఉంటుంది కాని, అంకుడు మెత్తని కర్ర, రోజూ చెమట వేళ్ళ రాపిడికి దాని మీది లక్క ఎంతకాలం ఆగుతుందోనన్న సందేహంతో వదిలేశాను. చివరికి పాత ఇంటి ద్వారబంధం నుంచి మిగిలిన టేకు ముక్క తీసుకున్నాను.

చెక్క నాబు విషయంలో ఒక నియమం పాటించాలి. షాఫ్టు మీద చెక్కను నేరుగా బిగించకూడదు. గ్రబ్ స్క్రూ మరలు చెక్కలో నిలవవు, రెండు మూడు సార్లు విప్పి బిగిస్తే పొడి రాలుతుంది. నొక్కి ఎక్కించే పద్ధతిలో చేస్తే మన అక్టోబరు, నవంబరు వానలకు ఉబ్బి, ఏప్రిల్ ఎండకు కుంచించుకుని, పోగు వెంట చీలుతుంది. కాబట్టి లోపల ఇత్తడి గొట్టం ఒకటి తొడిగి, దానికి మర కొట్టి, చెక్కను దాని చుట్టూ ఎరాల్డైటుతో అంటించాలి.

శనివారం

ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో పని చేయించాను. ట్రాక్టరు షాఫ్టులూ బుష్‌లూ చేసే చోట బొటనవేలంత నాబులు చేయమంటే నవ్వుతారేమోననుకున్నాను. టర్నర్ అన్న నవ్వలేదు, నా కాగితం తీసుకుని రెండు ప్రశ్నలు వేశారు. బొక్క ఎంత బిగువుగా ఉండాలి, నర్లింగ్, అంటే పట్టు కోసం అంచు మీద కొట్టే గరుకు గీతలు, నిలువుదా అడ్డదిడ్డందా. పాట్ ఒకటి చేతికిచ్చాను. షాఫ్టును మైక్రోమీటరుతో కొలిచి, “ఆరు ఎమ్మెమ్ డ్రిల్లు పెడితే బొక్క ఆరు దాటిపోతాది సామీ. అయిదు తొమ్మిదిలో వేసి రీమరు తిప్పల్ల” అన్నారు. నేను రాసుకుని వెళ్ళని విషయం అదొక్కటే, అసలు పని అంతా దాని మీదే ఆధారపడి ఉంది. డ్రిల్లు ఎప్పుడూ తన కొలత కంటే కాస్త పెద్ద రంధ్రమే చేస్తుంది. రీమరు ఆ గోడలను సన్నగా గీకి గుండ్రంగా, కొలతకు సరిగ్గా తెస్తుంది.

అల్యూమినియం కడ్డీని చక్‌లో పట్టించి, ముందు ముఖం చదును చేసి, 20 మి.మీ.కు దించారు. ఈ లోహం మెత్తనిది కనుక టూలు మొనకు ముద్దగా అంటుకుంటుంది. అలా అంటుకోకుండా పక్కన డబ్బాలోని కిరసనాయిలును బ్రష్షుతో పోస్తూ ఉన్నారు. నర్లింగ్ టూలును మొదట గట్టిగా ఆన్చి, చక్రాలు లోహంలో దిగబడగానే కాస్త వేగం తగ్గించి, ఒకే ఊపులో చివరి దాకా పోనిచ్చారు. మధ్యలో ఆపితే గీతలు రెట్టింపై ముళ్ళు ముళ్ళుగా లేస్తాయట. నిలువు గీతలే ఎంచుకోవడానికి కారణం ఉంది. అడ్డదిడ్డపు గీతల నర్లింగ్ పట్టుకు ఇంకా గట్టిదే కాని, ఆ చిన్న వజ్రాకారపు గుంటల్లో చెమట, దుమ్ము కూరుకుపోయి ఒక సీజను తిరిగేసరికి నల్లని మడ్డి కడుతుంది. నిలువు గీతలను పాత టూత్‌బ్రష్‌తో ఒక్కసారి తోమితే పోతుంది. పైన కింద అంచులకు చిన్న వాలు కొట్టించాను, లేకపోతే నర్లింగ్ కొనలు వేలిని గీరుతాయి.

గ్రబ్ స్క్రూ కోసం పక్క నుంచి 2.5 మి.మీ. డ్రిల్లుతో రంధ్రం చేసి, ఎం3 ట్యాపుతో మర కొట్టారు. ఎం3 గ్రబ్ స్క్రూకు 1.5 మి.మీ. ఎలెన్ కీ సరిపోతుంది, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. బయటి నుంచి తెప్పించే నాబులలో కొన్నింటికి అంగుళాల కొలత కీ కావాలి, అది పోయిందంటే కార్యక్రమానికి గంట ముందు దిక్కు తోచదు. స్క్రూ రంధ్రాన్ని గుర్తుగీతకు సరిగ్గా ఎదురుగా పెట్టించాను. గీత పైకి చూస్తున్నప్పుడు స్క్రూ కింది వైపు, కనబడని చోట ఉంటుంది. గీత కోసం పై ముఖం మీద అంచు నుంచి మధ్య దాకా సన్నని గాడి, ఆ గాడి అంచు మీదుగా పక్కకు దిగి నర్లింగ్‌లోకి 4 మి.మీ. మేర కొనసాగేలా హాక్సా బ్లేడుతో నేనే ఇంట్లో కోశాను.

టేకు నాబుకు ఇత్తడి గొట్టం తిప్పించి, మిగతా ఆకారం ఇంట్లో డ్రిల్లు మిషనుకు బిగించి గరుకు కాగితంతో తెచ్చాను. పైభాగం గుండ్రని బుగ్గలా, పక్కలు నునుపుగా ఉంచాను. వాల్యూములు గరుకు, పెద్దవి. టోను నునుపు, చిన్నది, చేతికి వెచ్చగా తగులుతుంది. చీకట్లో తేడా చెప్పడానికి ఇంతకంటే అక్కరలేదు.

ఆదివారం

ఈ రోజు బిగింపు. పాట్ మెడను పలకకు బిగించేటప్పుడు కింద ఒక నట్టు, పైన ఒక నట్టు వాడాను. కింది నట్టును పైకీ కిందికీ జరిపితే షాఫ్టు పలక మీద ఎంత ఎత్తు లేస్తుందో సరిచూసుకోవచ్చు. నాబు అడుగుకూ పలకకూ మధ్య ఒక మి.మీ. సందు ఉంచాను. సందు ఎక్కువైతే పై నట్టు కనిపించి వికారంగా ఉంటుంది, లేకపోతే నాబు పలకను రాసుకుని క్రోము మీద వలయం గీస్తుంది. మందపాటి విజిటింగ్ కార్డును రెండుగా మడిచి సందులో పెట్టి, నాబును దాని మీదికి దించి, స్క్రూ బిగించి, కార్డు లాగేస్తే మూడు నాబులకూ ఒకే సందు వస్తుంది.

గాడుల్లో తెల్ల ఎనామిల్ నింపి, అది తడిగా ఉండగానే పై ముఖాన్ని గుడ్డతో తుడిచాను, గాడిలోది మాత్రం నిలిచింది. పూర్తిగా తెరిచినప్పుడు గాడి వాయించేవాడి కళ్ళ వైపు, అంటే పైకి చూసేలా రెండు వాల్యూములనూ అమర్చాను. ఇలా పెడితే పూర్తిగా మూసినప్పుడు గాడి ఎటు చూస్తుందన్నది పాట్ తిరుగుడు నిర్ణయిస్తుంది, దానితో నాకు పని లేదు. అమ్మకానికి వచ్చే బేసుల్లో సాధారణంగా తిరుగుడు మధ్యబిందువును పైకి పెడతారు. చూడటానికి అదే పొందికగా ఉంటుంది కాని, ఈ వాయిద్యంలో నేను ఎక్కువ కాలం ఉండేది పూర్తిగా తెరిచిన కొసలో కాబట్టి ఆ కొసే చేతికి అందాలి.

లోహపు నాబు పెట్టినప్పుడు ఎర్తు సంగతి తప్పక చూసుకోవాలి. పాట్ షాఫ్టు లోహానిదై, పాట్ డబ్బా ఎర్తుకు కలిసి ఉంటే, స్క్రూ ద్వారా నాబు కూడా ఎర్తులోనే ఉంటుంది, వేలు తగిలినప్పుడు చప్పుడు రాదు. ప్లాస్టిక్కు షాఫ్టు మీద లోహపు నాబు పెడితే అది గాలిలో తేలుతున్న లోహం ముక్క. దాన్ని తాకినప్పుడు సన్నని హమ్ పలికే వాయిద్యాలు నేను చూశాను. మల్టీమీటరు ఒక కొనను జాక్ బయటి గొట్టానికి, రెండో కొనను ఒక్కొక్క వాల్యూము నాబుకు ఆన్చి చూస్తే రెండూ సున్నా ఓములకు దగ్గరగా చూపాయి. టేకు నాబుకు ఈ పరీక్ష అవసరమే లేదు.

యాంప్లిఫయరుకు కలిపి వాయించి చూస్తే, మెడ వైపు వాల్యూమును గాడి నుంచి చిటికెన వేలి గోరు మందమంత తిప్పగానే స్వరం మారడం, హమ్ మొదలవడం ఒకేసారి తెలుస్తున్నాయి. గోరును గాడిలో ఆన్చి వెనక్కి తిప్పితే కొస తగిలే దాకా చూడకుండానే పోవచ్చు. 16 మి.మీ. టోను నాబు ఒక్క మెలికలో పూర్తిగా మూసుకుంటోంది. మెలోడీ పాటల్లో పల్లవి నుంచి చరణానికి మారేటప్పుడు నాకు కావలసింది అదే.

మిగిలిన చిన్న పనులు రెండు. కంపనానికి గ్రబ్ స్క్రూలు వదులు కాకుండా మరల మీద చుక్క నెయిల్ పాలిష్ వేసి బిగించడం ఒకటి. అది ఆరిన తరువాత కూడా ఎలెన్ కీతో విప్పవచ్చు. టేకు నాబుకు రెండో పూత నూనె పెట్టి ఒక రాత్రి ఆరనివ్వడం రెండోది. 1.5 మి.మీ. కీ ఒకటి సంచి జేబులో, మరొకటి కేబుళ్ళ పెట్టెలో వేశాను.